నల్లగవ్వల దీవిలో నలభై మంది

ఆ ఉదయం మకరపురి రేవులో నూటపన్నెండు యుద్ధనౌకలు బారులు తీరి నిలిచాయి. ప్రతి ఓడ ముక్కునా ఒక బంగారు మొసలి నోరు తెరుచుకుని ఉంది. తెరచాప కొయ్యల మీద పట్టుజెండాలు తూర్పుగాలికి చెళ్ళుచెళ్ళున కొట్టుకుంటున్నాయి. ఒడ్డున ఏనుగుల బారు, దాని వెనుక భేరీలు, ఆ వెనుక ఇసుక కనిపించనంతగా జనం. ముత్యాల గొడుగు కింద రత్నమేఖలా మహారాణి కొలువుతీరి ఉంది. ఆమె ఎదుట ఒక ముసలి నావికుడు తలవంచి నిలబడి ఉన్నాడు.

అతడు మకరపురి నౌకాసేనాని, జలధిగండభేరుండ బిరుదాంకితుడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి అతనికి ఉందని ఆ జనంలో పదిమందికైనా గుర్తులేదు.

ఆ పేరు గరికన్న. రేవుకు ఆమడ దూరంలో ఉన్న బెస్తపల్లెలో పుట్టాడు. పన్నెండో ఏట ఓడలో చేరి అడుగున ఊరే నీళ్ళు తోడాడు. పద్దెనిమిదికి కొయ్య ఎక్కి తెరచాప విప్పే కళాసి అయ్యాడు. ఇరవై అయిదుకు ఓడ నడిపే సరంగు, ముప్పై మూడుకు దళపతి, నలభైకి నౌకాసేనాని. ఏ నీటి కింద ఏ రాయి పొంచి ఉందో గుండు కట్టిన తాడుతో కొలిచి, మేకతోలు మీద గీసి, మకరపురి సముద్రానికి పటం తయారుచేసింది అతడే. ఓడకూ ఓడకూ మధ్య జెండాలతో మాట్లాడుకునే భాష కల్పించిందీ అతడే. పదకొండు యుద్ధాలలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. అరవయ్యో ఏట, ఆ ఉదయం, రాణిచేతుల మీదుగా రత్నఖచితమైన ఖడ్గం అందుకుని విశ్రాంతి తీసుకోబోతున్నాడు.

మకరపురిలో ఒక ఆచారం ఉంది. సేనాని పదవి దిగే నాడు ఒక ఖైదీకి క్షమాభిక్ష పెట్టవచ్చు. భటులు ఒక బక్కపలచని మనిషిని సంకెళ్ళతో తెచ్చి నిలబెట్టారు. పేరు దాలయ్య. నిషిద్ధ ద్వీపాలకు దొంగచాటుగా పోయి ముత్యాలు తెచ్చే సరంగు.

"నల్లగవ్వల దీవికి వెళ్ళావట. నిజమా?" అని అడిగాడు సేనాని.



"ఎల్లాను బాబూ," అన్నాడు దాలయ్య. "అక్కడ మన పల్లెలోళ్ళున్నారు. నలభై మంది. ముత్యాలకి మునుగుతున్నారు. అందులో ఒకడు నా పడవ మీద మొసలిబొమ్మ సూసి పరిగెత్తుకొచ్చాడు. ముప్పయ్యేళ్ళ మడిసి. 'మకరపురి ఓడ కనపడితే మా గరికన్న బావకి సెప్పు. తాగడానికి నీళ్ళు అయిపోతన్నాయి, బేగి రమ్మను' అన్నాడు. ఆ గరికన్నెవరో నాకు తెలీదు. ఎంతమందిని అడిగినా ఎవరికీ తెలీదు."

సేనాని చేతిలోని రత్నఖడ్గం జారి రాతిమెట్ల మీద ఖణేలున పడింది.

"ఎవరు ఆ గరికన్న?" అంది రాణి.

"నేనే తల్లీ."

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పటి మహారాజు, రత్నమేఖల తండ్రి, నల్లగవ్వల దీవిని ఏలే భస్మజిహ్వుడనే మాంత్రికుడి మీద దండెత్తాడు. ముప్పై ఓడలు వెళ్ళాయి. ఒక ఓడకు గరికన్న సరంగు. అతని చెల్లెలి భర్త మైలారన్న మరో ముప్పై తొమ్మిది మందితో తీరం మీద దిగి, ఓడలు ఒడ్డుకు చేరేందుకు చోటు చేస్తూ పోరాడుతున్నాడు. ఇంతలో దీవి చుట్టూ బూడిదరంగు పొగ లేచింది. లంగరు ఎత్తి వెనక్కి మళ్ళమని రాజాజ్ఞ వచ్చింది. లంగరు ఎత్తే వ్యవధి లేదు. గరికన్న కత్తి దూసి తాడు కోసేశాడు. ఓడ కదిలింది. ఒడ్డున మైలారన్న తలపాగా విప్పి ఊపుతూ నిలబడ్డాడు. పొగ కమ్మేదాకా ఊపుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చాక చెల్లెలు అసిరమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. తప్పించుకు వచ్చానని చెప్పడానికి గరికన్నకు నోరు రాలేదు. "కళ్ళారా చూశానమ్మా, ఎదురొమ్మున బల్లెం తగిలి పడిపోయాడు" అన్నాడు. అతని మాట మీద అసిరమ్మ గాజులు పగిలాయి. నలభై ఇళ్ళలోనూ అదే మాట చెప్పాడు. మరుసటి నెలలో రాజు అతన్ని దళపతిని చేశాడు.

రాణి అతన్ని పక్కకు పిలిచి, ఎవరికీ వినబడకుండా చెప్పింది. "సేనానీ! ఆ రోజే మా తండ్రిగారు భస్మజిహ్వుడితో ఒడంబడిక చేసుకున్నారు. నలభై మందిని వాడికి వదిలేస్తే వాడు మన ఓడల జోలికి రాడు. ఇన్నేళ్ళుగా మన వర్తకం నిరాటంకంగా సాగుతున్నది అందువల్లనే. ఇది మీకు తెలియదా?"

"అనుమానం ఉండేది తల్లీ. అడిగితే నిజం చెబుతారని అడగలేదు."

"రాజనౌక ఒక్కటి కూడా ఆ దీవి వైపు పోవడానికి వీల్లేదు. ఇది నా ఆజ్ఞ."

గరికన్న తలపాగా తీసి రాణి పాదాల ముందు పెట్టాడు. కిందపడిన ఖడ్గం తీసి దాని పక్కన ఉంచాడు. భుజాన వేలాడే సేనాని పతకం కూడా విప్పాడు. "రాజనౌక అక్కర్లేదు. ఈ ఖైదీని వదిలిపెట్టండి. వాడి పడవ చాలు" అని, వంగి నమస్కరించి, ఏనుగుల మధ్యనుంచి నడుచుకుంటూ పోయాడు.

అసిరమ్మ ఇంటి ముందు ఉప్పుచేపలు ఎండబెడుతున్నది. యాభై రెండేళ్ళకే ఆమె తల ముగ్గుబుట్టయింది. అన్న చెప్పినదంతా విన్నది. వింటున్నంతసేపూ చేతిలో చేపను తిరగేస్తూనే ఉంది.

"నీ కళ్ళతో సూశానన్నావు," అంది చివరికి.

"అన్నాను."

"ఎదురొమ్మున బల్లెం అన్నావు. నొప్పి తెలీకుండా పోయాడన్నావు. ఆ మాట పట్టుకునే నాను బతికినాను అన్నా. కడుపులో బిడ్డనేసుకుని, ఆడు నొప్పి పడలేదులే అనుకుంటా బతికినాను."

గరికన్న ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"కాళ్ళు తరవాత పట్టుకుందువు. పడవెక్కడ?"

"అది ప్రమాదమమ్మా. నువ్వు..."

"నువ్వొక్కడివీ ఎల్లొచ్చి మళ్ళీ ఒక మాట సెప్తావు. దాన్ని నాను నమ్మాల. అంతేనా? ఈసారి నా కళ్ళతో నానే సూస్తాను." చేపలు అలాగే వదిలేసి, కుండ నిండా మంచినీళ్ళు నింపుకుని ముందు నడిచింది.

గరికన్న జరీ అంగరఖా తొడిగి, చెవులకు పోగులు పెట్టి, గడ్డానికి గోరింటాకు రంగు పూసి ముత్యాల వర్తకుడయ్యాడు. అసిరమ్మ అతని వంటమనిషి. సంకెళ్ళు వదిలిన దాలయ్య చుక్కాని పట్టాడు. మూడు రోజులు గాలి అనుకూలంగా వీచింది. నాలుగో రోజు మధ్యాహ్నం నీళ్ళు నల్లబడ్డాయి.

"రాకాసి పళ్ళు!" అని దాలయ్య కేకవేశాడు. "నాను ఒడ్డున పెద్ద సుట్టు తిరిగి ఎల్లేవోణ్ణి. గాలి ఇటు తోసేసింది!"

ఎదురుగా సముద్రంలోంచి కొండంత రాళ్ళు రెండు వరుసలుగా లేచి ఉన్నాయి. కెరటం లోపలికి పోయినప్పుడల్లా ఆ వరుసలు దవడల్లా దగ్గరికి వచ్చి టక్కున మూసుకుంటున్నాయి. ఒక తిమింగలం వాటి మధ్య చిక్కి రెండు ముక్కలై తేలింది. పడవ ఆ నోటి వైపే జారుతోంది.

గరికన్న దాలయ్యను పక్కకు తోసి చుక్కాని అందుకున్నాడు. "తెరచాప దించకు!"

"దించకపోతే సస్తాం బాబూ!"

"దించితే తప్పకుండా చస్తాం. అసిరమ్మా, కెరటాలు లెక్కపెట్టు."

ఆరు కెరటాలు ఒకే ఎత్తున వచ్చాయి. ఏడోది తాటిచెట్టంత లేచింది. అది లోపలికి దూకేసరికి రాళ్ళు మూసుకోలేక ఒక్క లిప్తకాలం ఆగాయి. ఆ లిప్తలో గరికన్న పడవను కెరటం నెత్తి మీదికి ఎక్కించాడు. చుట్టూ నురగ, మీద రాళ్ళ నీడ, చెవుల్లో ఉరుము. పడవ అటు పక్కకు విసురుగా పడింది. వెనుక దవడలు టక్కున మూసుకున్నాయి. చుక్కాని తెడ్డు సగం ఆ పళ్ళలోనే మిగిలిపోయింది.

ఊపిరి పీల్చుకునే లోపే ఆకాశంలోంచి ఇనుపముక్కు గద్దలు దిగాయి. భస్మజిహ్వుడి కావలి పక్షులవి. ఒకటి దాలయ్య భుజం చీల్చింది. ఇంకొకటి తెరచాపను నిలువునా చించింది. అసిరమ్మ పొయ్యిలోని నిప్పుకణికలు మూకుట్లోకి ఎత్తి, మీద చేపనూనె కుమ్మరించింది. కంపుకొట్టే నల్లపొగ గుప్పున లేచింది. గద్దలు కళ్ళు మూసుకుని, ఒకదాన్నొకటి ఢీకొట్టుకుంటూ వెనక్కి మళ్ళాయి.

పొగ తేలిపోయేసరికి ఎదురుగా దీవి కనిపించింది.

ఆ తీరానికి ఇసుక లేదు. దానికి బదులు కోటానుకోట్ల నల్లగవ్వలు, ఒక్కొక్కటి చెమ్మగిలిన కన్నులా మెరుస్తూ పరుచుకుని ఉన్నాయి. పగడపు చెట్లకు ఆకుల చోట ఎర్రని మంటల్లాంటి రెమ్మలు వేలాడుతున్నాయి. ఆల్చిప్పలు పేర్చి కట్టిన గోపురాలు ఎండకు ఇంద్రధనుస్సు రంగులు చిమ్ముతున్నాయి. దీవి చుట్టూ నీళ్ళ మీద సన్నని బూడిదరంగు పొగగీత, ఎంత గాలి వీచినా చెదరకుండా, వలయంలా నిలిచి ఉంది. దాన్ని దాటి లోపలికి రాగానే గరికన్నకు మోకాళ్ళ నొప్పి తగ్గినట్టనిపించింది.

భస్మజిహ్వుడు పెద్ద శంఖాన్ని తొలిచి చేసిన సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. మాట్లాడినప్పుడల్లా అతని నాలుక మీదనుంచి బూడిద రాలుతోంది.

"ఓయీ వర్తకుడా! నా గద్దలను దాటి వచ్చావంటే ముత్యాల మీద నీ ఆశ గట్టిదే. నా ముత్యాలలో మచ్చ ఉండదు. నా మనుషులకు ముసలితనం లేదు కనుక వాళ్ళ చేయి వణకదు."

"ముసలితనం లేకపోవడమేమిటి ప్రభూ?" అన్నాడు గరికన్న.

మాంత్రికుడు గర్వంగా నవ్వాడు. "ప్రతి సూర్యోదయాన నా నాలుక మీది బూడిద గాలిలో ఊదుతాను. వాళ్ళు నిన్నటి దినం మరిచిపోతారు. వాళ్ళకు యుద్ధం ఇప్పుడే ముగిసింది, ఓడ ఇప్పుడే కదిలింది. దానిపై ఆశతో, అది వచ్చేదాకా నేను చెప్పిన పని చేస్తారు. కాపలా కూడా అక్కర్లేదు. ఆ పొగగీత లోపల వయసు పెరగదు. దాన్ని దాటారో, పోయిన ఏళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. వెళ్ళు, ముత్యాలు ఏరుకో."

తీరాన మనుషులు మునిగి లేస్తున్నారు. ఒకడు తల విదిలించుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. నల్లని జుట్టు, చెక్కినట్టున్న భుజాలు, కుడి కనుబొమ మీద చిన్ననాటి గాటు. ఆ గాటు గరికన్నకు తెలుసు.

"పెద్దయ్యా, తాగడానికి నీళ్ళున్నాయా?" అన్నాడు మైలారన్న.

అసిరమ్మ కుండ వంచింది. అతను దోసిలి పట్టి గటగటా తాగాడు. "సల్లగుండమ్మా" అన్నాడు ఆమెతో. మళ్ళీ గరికన్న వైపు తిరిగాడు. "వచ్చే దారిలో మకరపురి ఓడ కనబడిందా? ముక్కున మొసలి ఉంటాది. మా బావే సరంగు. ఇందాక లంగరు తాడు తెగినట్టుంది, గాలికి కొట్టుకుపోయారు. తిప్పుకుని వచ్చేస్తాడు."

"రాకపోతే?" అన్నాడు గరికన్న. 

"నీకు మా బావ తెలీదు పెద్దయ్యా. ఆడు నన్నొదిలి ఎల్లడు." అని నవ్వి, అసిరమ్మ చేతుల వైపు చూశాడు. "అదేటమ్మా, బోసిసేతులు? పాపం, మీ ఆయన పోయాడా?"

"పోయాడన్నారు," అంది అసిరమ్మ. "నమ్మినాను."

ఆ గొంతు విని మైలారన్న నవ్వు ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూశాడు. నెరిసిన జుట్టు, ముడతలు, పళ్ళు ఊడిన దవడ అన్నీ దాటుకుని అతని చూపు ఆమె కళ్ళ దగ్గర నిలిచింది.

"అసిరీ?" అన్నాడు మెల్లగా. "నీకేటయింది? నిన్న... మొన్న పొద్దుట కదా నన్ను రేవుకాడ సాగనంపినావు?"

"ఇరవై ఎనిమిదేళ్ళయింది మావా."

"బిడ్డ?"

"కూతురు. మైలారమ్మని పెట్టినాను. దానికి ఇద్దరు పిల్లలు."

మైలారన్న గవ్వల మీద కూలబడ్డాడు. గరికన్న చెవిపోగులు పీకి పారేసి, జరీ అంగరఖా విప్పేసి అతని ముందు మోకరిల్లాడు. పొగగీత సంగతితో సహా దాచకుండా అంతా చెప్పాడు. తాడు కోసింది చెప్పాడు. నలభై ఇళ్ళకూ వెళ్ళి అబద్ధమాడింది చెప్పాడు. దళపతి అయింది, సేనాని అయింది, పదకొండు యుద్ధాలకు ఓడలు నడిపి ఈ ఒక్క దారీ పట్టనిది కూడా చెప్పాడు.

మైలారన్న ఒక్క మాట అడిగాడు. "తాడు ఎవరి సేత కోయించినావు?"

"ఎవరి చేతా కాదు. నేనే కోశాను."

"నన్ను సూసే కోసినావా?"

"చూసే కోశాను."

మైలారన్న ముఖం తిప్పుకున్నాడు. అప్పుడే గోపురం మీద శంఖం భోరుమంది. వేషం విప్పేసిన వర్తకుణ్ణి గద్ద ఒకటి పైనుంచి పసిగట్టింది. ఆల్చిప్పల గోపురాలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. వాటిలోంచి ఎండ్రకాయ చేతులున్న భటులు వందల కొద్దీ బయటకు దూకారు.

"పడవలోకి!" అని మైలారన్న అరిచాడు. మునుగుతున్నవాళ్ళు తలలెత్తారు. "అందరూ వినండి! ఓడ రాదు. మనకి ఇరవై ఎనిమిదేళ్ళు ఎల్లిపోనాయి. ఆ పొగ దాటితే ముసలోళ్ళమైపోతాం, కొందరం సచ్చిపోతాం. ఉండేవోళ్ళు ఉండండి. ఇంటికొచ్చేవోళ్ళు రండి!"

యాభై అయిదేళ్ళ తెడ్డుపెద్ద బంగారయ్య అందరికంటే ముందు పడవ పట్టుకున్నాడు. "నానైతే పొగ దాటగానే పోతాను," అన్నాడు. "అయితే ఏటి? మనూరి నీళ్ళలో పోతాను గదా!" ఆ మాటతో నలభై మందీ కదిలారు.

భటులు గవ్వలు ఎగజిమ్ముతూ వచ్చేస్తున్నారు. గరికన్న గవ్వల్లో దిగబడి ఉన్న ఒక పాత బల్లెం లాక్కుని వాళ్ళకు ఎదురు తిరిగాడు. "మీరు పొండి! నేను ఆపుతాను. నా బాకీ ఇక్కడ తీరిపోనీ!"

మైలారన్న వెనక్కి వచ్చి అతని జబ్బ పట్టుకుని బరబరా పడవలోకి ఈడ్చాడు. "సావడం తేలిక," అన్నాడు పళ్ళు కొరుకుతూ. "సచ్చి తప్పించుకుందామనుకున్నావా? నలభై ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి అబద్ధం సెప్పినావు. మళ్ళీ ఆ గుమ్మాలన్నింటిలోనూ నిలబడి నిజం సెప్పాల. సుక్కాని పట్టు!"

గరికన్న విరిగిన చుక్కాని పట్టి, పడవను రాకాసి పళ్ళు లేని వైపుకు తిప్పాడు. నలభై జతల చేతులు తెడ్లూ, పలకలూ, ఏది దొరికితే అది అందుకుని నీళ్ళు చీల్చాయి. వెనుక భస్మజిహ్వుడు ఒడ్డుకు వచ్చి నాలుక చాపాడు. బూడిద సుడిగాలై లేచింది. సముద్రం చీలి, రాతి ఓడ ఒకటి నాచుతోనూ నురగతోనూ పైకి వచ్చి వాళ్ళ వెంట పడింది.

పడవ ముక్కు పొగగీతను తాకింది.

ముందు కూర్చున్న వాళ్ళ తలలు మొదట నెరిశాయి. ఆ తెలుపు వరుస వరుసగా వెనక్కి పాకింది. భుజాలు కుంగాయి, చర్మం ముడతలు పడింది, తెడ్డు వేసే చేతులు వణికాయి. బంగారయ్య "హైలెస్సా" అన్న పదం సగంలో ఉండగానే తెడ్డు మీదికి ఒరిగాడు. అతని ముఖంలో బాధ లేదు. పక్కవాడు ఏడుస్తూనే ఆ తెడ్డు అందుకున్నాడు. మైలారన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. తరువాత అసిరమ్మ వైపు చూశాడు. ఆమె తన కొంగుతో అతని నెరిసిన తల తుడిచింది. 

ఆ చూపు గరికన్న చూడలేకపోయాడు. వాళ్ళు కలిసి ముసలివాళ్ళు కావలసింది మెల్లమెల్లగా, ఒక ఇంట్లో, ఒక్కొక్క వెంట్రుకగా.

"బాబూ! ఎదురుగా!" అని దాలయ్య అరిచాడు.

సముద్రపు అంచున మూడు ఓడలు. వాటి ముక్కుల మీద బంగారు మొసళ్ళు. రాణి పంపిన యుద్ధనౌకలు వాళ్ళ దారికి అడ్డంగా బారు తీరాయి. నడిమి ఓడ కొయ్య మీదికి ఒకదాని తరువాత ఒకటి మూడు జెండాలు ఎగబాకాయి. తెలుపు, నలుపు, మళ్ళీ తెలుపు.

"ఏటంటన్నారు?" అన్నాడు మైలారన్న.

"ఆగమంటున్నారు. ముందుకొస్తే ముంచేస్తామంటున్నారు." అన్నాడు గరికన్న. "ఒడంబడిక చెడకుండా మనల్ని భస్మజిహ్వుడికి అప్పగించడానికి వచ్చారు."

వెనుక రాతి ఓడ అంతకంతకూ పెద్దదవుతోంది. ఇన్నేళ్ళుగా ఆ మూడు జెండాలు చూసినప్పుడల్లా గరికన్న ఆగాడు. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

"తెరచాప?" అన్నాడు దాలయ్య, తాడు మీద చేయి వేసి.

"ఉంచు. మిగిలినంత మేరా గాలి పట్టనీ." గరికన్న చుక్కానిని రొమ్ముకు ఆనించి, పడవ ముక్కును నడిమి ఓడ మీది మొసలి నోటికేసి తిప్పాడు. "తెడ్లు వెయ్యండి!"

మైలారన్న అతని వైపు చూడలేదు, బావా అని పిలవనూ లేదు. కానీ తన ముసలి చేతులతో తెడ్డు ఎత్తి, అందరికంటే ముందు నీళ్ళలో వేశాడు.